జాస్ హెస్లప్ అరగంట

డర్హమ్ పట్నం,
9 మార్చి 1919

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టె రైల్లోనే అయిపోయింది. గనివాళ్ళ సంఘం ఆఫీసులో నాకిచ్చిన గది మన వంటింటికంటే పెద్దది, అందులో నేనొక్కడినే. బల్ల, కుర్చీ, సిరాబుడ్డి. పన్నెండో ఏట గనిలో దిగినవాణ్ణి, కూర్చుని చేసేదాన్ని పని అనడానికి ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు. నిన్న సాయంత్రం అలవాటుకొద్దీ ఒళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు పెట్టమన్నాను. నేను దిగిన ఇంటావిడ "ఏం మురికి అంటిందని బాబూ?" అంది. చేతులు చూసుకుంటే సిరా తప్ప ఏమీ లేదు.

వెదర్‌హోప్ జనం నన్ను ఏడేళ్ళు గని మొగదల తూకం దగ్గర నిలబెట్టారు. కంపెనీ గుమాస్తా బండికింత అని కోత వేస్తుంటే పక్కన నిలబడి "కాదు, మళ్ళీ తూచు" అనడానికి మన మనిషి ఒకడుండాలి కదా. ఇప్పుడు జిల్లా మొత్తానికీ అదే పని చేయమంటున్నారు. భయంగానే ఉంది. నీ దగ్గర దాచడానికేముంది.

గనిలో ఎవరు ఏ చోట తవ్వాలో తేల్చే మూడునెలల చీట్లు ఈసారి ఎవరు తీశారు? చొక్కా చేతులు మోచేతులపైకి మడిచి, అందరికీ అరచేతులు చూపించి, అప్పుడు బకెట్టులో చెయ్యి పెట్టాలని కొత్త కార్యదర్శితో నా మాటగా చెప్పు. చీటీలో ఏ చోటు వస్తే మూడునెలలూ ఆ చోటే. బురద వచ్చినా, రాయి వచ్చినా, నా బావైనా, ఇంకొకడి బావైనా. జంటగా చీటీ వేసుకున్నవాళ్ళు జంటగానే దిగాలి, జంటగానే పైకి రావాలి. ఆ గనిలో మేనేజరు చెయ్యి పడనిది ఆ బకెట్టు ఒక్కటే.

ర్యాల్ఫ్ బావనూ, ఆయన జోడీ జాస్‌నూ అడిగానని చెప్పు.

ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్న
నీ తమ్ముడు విల్ఫ్


వెదర్‌హోప్,
19 నవంబరు 1922

ఒరేయ్ విల్ఫ్,

పార్లమెంటు సభ్యుణ్ణి ఒరేయ్ అనవచ్చో లేదో లండన్‌లో ఎవరినైనా అడిగి రాయి. అంతవరకూ అంటూనే ఉంటాను.

నువ్వు రైలెక్కిన తరువాత ఊరు మూడురోజులు నేల మీద లేదు. నిన్ను భుజాల మీద మోసినవాళ్ళు ఇప్పటికీ నడుము పట్టుకుని తిరుగుతున్నారు. ముందువైపు ఎడమ భుజం మీ బావది, కుడి భుజం జాస్‌ది. "చర్చి దాకా బాగానే ఉన్నాడు, చర్చి దాటాక ఉపన్యాసం మొదలెట్టాడు, అప్పుడు బరువెక్కాడు" అని జాస్ సారాదుకాణంలో అందరికీ చెబుతున్నాడు. అతని పెళ్ళాం మెగ్గీ ఇంటికి లాక్కొచ్చి నాలుగు వడ్డించింది, కూర కాదులే, మాటలు. వాళ్ళకీ మాకూ మధ్య ఒక్క గోడే కాబట్టి నాకంతా వినబడింది. ఆ గోడకు ఇటు నుంచి నేను నిప్పుల కడ్డీతో రెండు దెబ్బలు కొడితే అటు నుంచి మెగ్గీ టీ తాగడానికి వస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే మా టపా.

ఒక్క మాట చెబుతాను, పెద్దదాన్ని కాబట్టి. నీ ఉపన్యాసం పత్రికలో చదివాను. బాగుంది. కానీ "శ్రామిక జనబాహుళ్యం" అన్నావు చూడు, అదెవరో నాకర్థం కాలేదు. మీ బావనడిగితే "మనమేనటే" అన్నాడు. అలాగైతే మనమనే అను.

చలికాలం వస్తోంది. మెడకు ఏదైనా చుట్టుకో.

నీ అక్క
బెల్లా


లండన్,
16 జూన్ 1929

అక్కా,

పత్రికలో చూసే ఉంటావు. గనుల శాఖ నాకిచ్చారు. ప్రమాణానికి వెళ్ళడానికి కోటు అద్దెకు తెచ్చుకున్నాను, చేతులు పొట్టి.

మంత్రిగారి గదిలో పొయ్యి ఉంది. దానిలో బొగ్గు వేయడానికి ప్రత్యేకంగా ఒక ముసలాయన ఉన్నాడు. నేనే లేచి పార పట్టుకుంటే కంగారుపడిపోయాడు. "నా పని తీసేస్తారా అయ్యా?" అన్నాడు. పార ఇచ్చేశాను. అన్నట్టు, ఆ బొగ్గు మనది కాదు. ఉత్త పొగ.

ఇక్కడ నన్ను చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు, నా చేత్తో పని చేయించుకోవాలని చూసేవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉన్నారు. ఎవరేమైనా కానీ, నేను వచ్చిన పని ఒకటుంది. ఇరవయ్యారు సమ్మెలో ఏడునెలలు పస్తులున్నా కంపెనీలు మన దగ్గర గుంజుకున్న అరగంటను మళ్ళీ తెస్తాను. రోజుకు అరగంట తక్కువ పని, ఎనిమిది లక్షలమందికి. బిల్లు రాయిస్తున్నాను. సభలో మాకు సొంత బలం లేదు, ఇంకో పార్టీ దయ మీద నడుస్తున్నాం. కాబట్టి ఒక్క మచ్చ పడకుండా, ఒక్క మాట తూలకుండా గట్టెక్కించాలి.

నువ్వు ఒరేయ్ అనడం మానవద్దు. ఇక్కడ ఆ మాట అనేవాళ్ళు లేరు.

విల్ఫ్


వెదర్‌హోప్,
6 అక్టోబరు 1929

తమ్ముడూ,

ఈ ఉత్తరం చదివాక చించెయ్యి. మీ బావకు తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వడు.

శనివారం చీట్లు తీశారు. మీ బావకూ, జాస్‌కూ ఉత్తరపు దారి చివరి చోటు వచ్చింది. నీకు చెప్పక్కర్లేదు. మడమల దాకా నీళ్ళు, నెత్తి మీద నమ్మకం లేని రాయి. జాస్ నవ్వేసి "ఇక ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే పని లేదు" అన్నాడు. మీ బావ నవ్వలేదు. నవ్వితే దగ్గు వస్తుంది కదా.

ఆయన ఛాతీ సంగతి నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేటప్పుడు చర్చి మెట్ల మీద రెండుసార్లు కూర్చుంటున్నాడు. బూటు తాడు కట్టుకోవడానికి ఆగినట్టు నటిస్తాడు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈ చలికాలం నీళ్ళలో పనిచేస్తే వసంతం చూడడన్నాడు. ఇరవయ్యొక్కేళ్ళు ఆయన బట్టలు ఉతికాను విల్ఫ్. ఆ నీళ్ళు ఏ రంగులో ఉంటాయో నాకు తెలుసు, ఈ మధ్య రుమాళ్ళు ఉతికితే ఏ రంగు వస్తోందో కూడా తెలుసు.

గని పైన, పొడిగా ఉండే లాంతర్ల గదిలో ఒక చోటు ఖాళీగా ఉంది. మేనేజరు ఆల్డర్‌సన్ తలుచుకుంటే నిమిషం పని. మంత్రి నోట ఒక్క మాట వస్తే ఆయన తలుచుకుంటాడు. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. నా మొగుణ్ణి బతికించు.

బెల్లా


లండన్,
14 అక్టోబరు 1929

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ సరేనని రాద్దామనే కలం పట్టాను.

చేయలేనక్కా. చీటీ పడిన తరువాత చోటు మార్చడం మొదలైతే అది బావతో ఆగదు. రేపు కింద పని చూసే ఓవర్‌మేన్ బావమరిది, ఎల్లుండి మేనేజరుకు టోపీ ఎత్తేవాడు. ఆ బకెట్టులో పదేళ్ళు చెయ్యి పెట్టినవాణ్ణి నేను. అదీ కాక, గని యజమానుల మీదకు బిల్లు తెస్తూ వాళ్ళ మేనేజరును సాయం అడిగితే, నా ముక్కుతాడు తీసుకెళ్ళి వాడి చేతికిచ్చినట్టే.

బావను మూడునెలలు పని మాన్పించు. ఇంటి ఖర్చు నేను చూస్తాను. ఒప్పుకోడని తెలుసు, అయినా అడుగు. ఈలోగా రెండు మందపాటి ఉన్ని బనియన్లూ, ఇక్కడి డాక్టరు రాసిన దగ్గుమందూ పార్సిల్ చేశాను. బనియన్ ఒంటికి అంటుకునేలా తొడుక్కోవాలట, చొక్కా మీద కాదు.

నన్ను తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో. కానీ ఉత్తరాలు మానకు.

విల్ఫ్


వెదర్‌హోప్,
10 నవంబరు 1929

మా విల్ఫ్‌కు,

నువ్వు కాదని రాసిన రోజు నీ ఫోటో గోడకేసి తిప్పేశాను. పదిరోజుల తరువాత మళ్ళీ ఇటు తిప్పి, అద్దం తుడిచాను. అంతకంటే కాగితం మీద రాయను. రాయకూడని సంగతులు రాయకపోవడం నాకూ తెలుసు. మీ ఆఫీసులో నీ ఉత్తరాలు ఎంతమంది చేతులు మారతాయో ఏమో.

మీ బావకు దగ్గు సగం తగ్గింది. ముఖంలోకి రక్తం వచ్చింది. పార్సిల్ కూడా అందింది.

కాకపోతే ఆయనకు మనసు బాగాలేదు. ఇంట్లో మాట్లాడడు. జాస్ ఎదురైతే తల దించుకుని పోతున్నాడు. మెగ్గీ గోడకు అటు ఉండి టీకి రావడం తగ్గించింది. మొన్న బట్టలు ఆరేస్తూ "మీకేమమ్మా, లండన్‌లో మనిషి ఉన్నాడు" అంది. నవ్వుతూనే అందిలే. కానీ నాకు ముద్ద దిగలేదు.

అయినా నేను మంచికే అడిగాననుకుంటున్నాను. నువ్వు మంచికే చేశావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ అక్క
బెల్లా


లండన్,
24 నవంబరు 1929

అక్కా,

నీ ఉత్తరం చూశాక నెలరోజులకు కడుపునిండా తిన్నాను. రెండు బనియన్లకు ఇంత దీవెనా? ముందే తెలిస్తే డజను పంపేవాణ్ణి.

బావకు మొహమాటం ఎందుకు? లండన్ నుంచి వచ్చిందని చిన్నతనంగా ఉందా? జాస్ ముందు తల దించుకోవడం ఏమిటి, ఇద్దరూ కలిసే కదా ఆ నీళ్ళలో దిగుతున్నది. మెగ్గీ మనసు కష్టపెట్టుకుంటే మాత్రం నాకు బాగుండదు. నన్ను భుజం మీద మోసినవాడు జాస్. అతనికి కూడా చేస్తానని మెగ్గీతో చెప్పు. క్రిస్మస్ లోపల తప్పకుండా. నాకిది పెద్ద పనేం కాదు.

బిల్లు మొదటి గడప దాటింది. యజమానులు విందులిచ్చి మరీ బెదిరిస్తున్నారు. తింటున్నాను, తలూపుతున్నాను, ఒక్క అక్షరం కూడా మార్చడం లేదు.

తిండి సయించిన
విల్ఫ్


వెదర్‌హోప్,
22 డిసెంబరు 1929

విల్ఫ్,

జాస్ పోయాడు.

గురువారం మధ్యాహ్నం. ఉత్తరపు దారి చివర పైకప్పు మొత్తంగా కూలింది. బయటికి తీయడానికి ఏడుగంటలు పట్టింది. చీటీ గడువు ఇంకా రెండువారాలే ఉంది.

అతని పక్కన ఉండవలసింది మీ బావ. మేనేజరు మీ బావను పిలిచి కంపెనీ డాక్టరు సలహా అని చెప్పి లాంతర్ల గదికి మార్చినప్పటినుంచీ, జాస్ పక్కన పొరుగూరి నుంచి వచ్చిన కొత్తవాణ్ణి పెట్టారు. వాడికి ఆ రాయి సంగతి ఏం తెలుసు? మీ బావ, జాస్ పద్ధెనిమిదేళ్ళు జోడీగా పనిచేశారు. ఒకడు తవ్వుతుంటే ఒకడు పైకి వినేవాడు. చిన్న చిటపట వినబడితే ఒకరినొకరు రెక్క పట్టి లాక్కునేవాళ్ళు. కొత్తవాడు బతికాడు. అంచున ఉన్నాడు.

జాస్ ఆ చోట పైకప్పుకు ఆనించే గుంజలు కావాలని మూడుసార్లు అడిగాడట. ముందురోజు కూడా అడిగాడు. కర్ర రాలేదన్నారు. పైన మాత్రం గుట్టగా పడి ఉంది, మీ బావ లాంతర్ల గది కిటికీలోంచి రోజూ చూశాడు.

ఇక నా పాపం విను. నువ్వు "జాస్‌కు కూడా చేస్తాను, క్రిస్మస్ లోపల" అని రాశావు. నీ ఆఫీసువాళ్ళు చూస్తారని బనియన్ల పేరు చెప్పి గడుసుగా రాశావనుకున్నాను. మెగ్గీతో చెప్పాను. "ఇంకొద్దిరోజులు ఓర్చుకోవే, మా తమ్ముడు జాస్‌ను కూడా పైకి తెప్పిస్తాడు" అని. ఆ చోటు వద్దని జాస్ మేనేజరుతో గొడవ పడబోతే మెగ్గీయే ఆపింది. నా మాట నమ్మి ఆపింది.

ఎందుకు ఆలస్యం చేశావు? ఒకణ్ణి తెచ్చినవాడివి ఇంకొకణ్ణి తేలేకపోయావా?

మీ బావకు అంతా చెప్పేశాను. విని, జాస్ ఇంటి వైపు గోడకు చేరబడి కూర్చున్నాడు. తిడితే బాగుండేది.

విచారణ వెయ్యి. అందరి ముందూ, బహిరంగంగా. ఆ గుంజలు ఎందుకు దిగలేదో మేనేజరు బోనులో నిలబడి చెప్పాలి. మెగ్గీ అడుగుతున్నది అదొక్కటే.

బెల్లా


లండన్,
28 డిసెంబరు 1929

అక్కా,

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నేను మేనేజరుకు ఒక్క అక్షరం రాయలేదు. బావ లాంతర్ల గదిలో ఉన్న సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. నేను పంపింది బనియన్లు. జాస్‌కు పంపుతానన్నది కూడా బనియన్లే. అవి ఇంకా నా బీరువాలో ఉన్నాయి.

కానీ ఒక సంగతి ఉంది. అక్టోబరు మూడోవారంలో యజమానుల విందులో ఆల్డర్‌సన్ నా ఎదురుగా కూర్చున్నాడు. "మీవాళ్ళు మా ఊళ్ళోనే కదా" అన్నాడు. "అవును, మా బావ ఉత్తరపు దారిలో ఉన్నాడు, ఛాతీ బాగాలేదు" అన్నాను. అంతే. ఆ తరువాత చేపలు వడ్డించారు. మాటవరసకు అన్నానా, పని జరగాలని అన్నానా? అప్పుడు మాటవరసకే అనుకున్నాను. ఈ నాలుగురోజులుగా ఎంత తవ్వి చూసుకున్నా తేలడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆల్డర్‌సన్ నుంచి పండగ శుభాకాంక్షల కార్డు వచ్చింది. కింద ఒక వాక్యం: "మీ బావగారు లాంతర్ల గదిలో సుఖంగా ఉన్నారు." దాని అర్థం ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. నేను విచారణ అన్న మరునాడు అది పత్రికల్లో ఉంటుంది. మంత్రి తన బావ కోసం చీటీ తప్పించాడు, అందుకు ఇంకొకడు చచ్చాడు. నేను పోతాను, అది పెద్ద విషయం కాదు. నాతోపాటు బిల్లు పోతుంది. మార్చి చివర ఆఖరి ఓటు. రెండు ఓట్ల తేడాతో నడుస్తున్నాం.

ఎనిమిది లక్షలమంది అరగంట అక్కా. ఏడునెలల పస్తులు. మూడునెలలు ఆగమని మెగ్గీని అడగగలవా? ఓటు పడిన రోజే విచారణ కాగితం మీద సంతకం పెడతాను. ఆ తరువాత నన్ను ఏం చేసినా సరే.

జాస్ శవపేటిక మోయడానికి రాలేకపోయాను. రావడానికి ముఖం లేదు.

విల్ఫ్


వెదర్‌హోప్,
2 ఫిబ్రవరి 1930

విల్ఫ్,

నువ్వు అబద్ధం చెప్పలేదని నమ్ముతున్నాను. నమ్మడం మొదలెట్టాక ఎక్కువ భయం వేసింది. నువ్వు అడిగితే జరిగిందంటే నీ తప్పు, నా తప్పు అనుకునేదాన్ని. అడగకుండానే జరిగిపోయే స్థాయికి నువ్వు వెళ్ళిపోయావు. ఇక నీ పక్కన ఎవరు జాగ్రత్తగా నిలబడగలరు?

నీ ఉత్తరం మీ బావ చదివాడు. నిన్న సంఘం సమావేశంలో లేచి నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. నా పేరుతో సహా. మధ్యలో దగ్గు వచ్చి రెండుసార్లు ఆగాడు, ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళం వెనక గోడ దగ్గర నిలబడ్డాం. నేను నేల చూస్తూ ఉన్నాను.

"ఇప్పుడే గొడవ చెయ్యాలా, ఓటు దాకా ఆగాలా, మీరే చెప్పండి" అన్నాడు మీ బావ. కార్యదర్శి "ఇది మెగ్గీ చెప్పవలసిన మాట" అన్నాడు.

మెగ్గీ నల్లబట్టల్లో ఉంది. "ఆగితే అరగంట వస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నారు. "అందరికీనా?" అంది. అందరికీనన్నారు. "అయితే ఆగండి" అని వెళ్ళిపోయింది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. మీ బావ ఒక్కడు ఎత్తలేదు.

నిన్ను ఎవరూ తిట్టలేదు. తిడతారని ఎదురుచూశాను. "పాపం, విల్ఫ్ ఇరుక్కున్నాడు" అన్నారు. నీకది మంచి వార్తో చెడ్డ వార్తో నువ్వే చూసుకో.

మీ బావ లాంతర్ల గది తాళాలు తిరిగి ఇచ్చేసి, చీట్లలో తన పేరు వేయమన్నాడు. మళ్ళీ కిందికి దిగుతున్నాడు. కొంచెం పొడి చోటు వచ్చింది, చీటీలోనే వచ్చింది. నన్నేమీ అనడు. ఉప్పు అందుకో అంటాడు, తలుపు వెయ్యి అంటాడు. అంతే.

మార్చి అన్నావు. మర్చిపోకు.

బెల్లా


లండన్,
29 మార్చి 1930

అక్కా,

నిన్న రాత్రి పొద్దుపోయాక బిల్లు గట్టెక్కింది. నాలుగు ఓట్ల తేడా. సభలో మనవాళ్ళు బల్లలు చరిచారు.

ఈ ఉదయం ఆఫీసుకు రాగానే మొదటి పని విచారణ ఉత్తర్వు మీద సంతకం పెట్టాను. ఇన్‌స్పెక్టర్ సోమవారం బయలుదేరుతున్నాడు. ఆల్డర్‌సన్ ఏం రాయించుకుంటాడో రాయించుకోనీ.

మధ్యాహ్నం ప్రధాని పిలిచారు. ఇన్నాళ్ళూ చిన్నమంత్రినే, ఇక కేబినెట్‌లోకి తీసుకుంటామన్నారు. సంగతంతా ఆయనకు చెప్పాను, బావ సంగతితో సహా. "అది చిన్న విషయం, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. నేను ఒప్పుకున్నాను.

మెగ్గీతో చెప్పు, మాట నిలబెట్టుకున్నానని.

విల్ఫ్


వెదర్‌హోప్,
16 మే 1930

విల్ఫ్,

మాట నిలబెట్టుకున్నావు. మెగ్గీతో చెప్పాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మంచివాడే, కింద అంతా పాకి చూశాడు. ఉత్తరపు దారి చివర ఆయనకు చూపించడానికి ఏమీ లేదు. ఫిబ్రవరిలో అక్కడ పని ఆపేశారు. మార్చి మొదట్లో, ఉన్న గుంజలు కూడా పీకేసి, పైకప్పును కూలనిచ్చి, రాళ్ళతో మూసేశారు. నిరుపయోగమైన చోటును అలాగే మూస్తారు, తప్పు లేదు, నీకు తెలిసిందే. ఎన్ని గుంజలుండాలో, ఎన్ని ఉన్నాయో ఆ రాళ్ళ కుప్పను చూసి ఎవడు చెప్పగలడు? కొత్తవాణ్ణి పిలవబోతే వాడు ఏప్రిల్‌లోనే ఇంకో జిల్లాకు వెళ్ళిపోయాడన్నారు. మీ బావ సాక్ష్యం చెప్పాడు. "ఆ రోజు మీరు ఆ చోట ఉన్నారా?" అని మేనేజరు వకీలు అడిగాడు. లేనన్నాడు. "ఎక్కడున్నారు?" అన్నాడు. లాంతర్ల గదిలో అన్నాడు. "ఎలా వచ్చారు అక్కడికి?" అని అడిగి, జవాబు చెప్పనివ్వకుండా కూర్చున్నాడు. ప్రమాదవశాత్తు జరిగిన మరణం అని రాసుకుని వెళ్ళారు. నీ గురించి పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. మేనేజరుకు ఆ అవసరం కలగలేదు.

మనం ఆగిన మూడునెలలూ వాడికి సరిపోయాయి.

ఈ నెల మొదటి సోమవారం నుంచి అరగంట అమలైంది. నాలుగింటి గని కూత మూడున్నరకే కూసింది. ఆడవాళ్ళం రొట్టెలు పొయ్యి మీద వదిలేసి గుమ్మాల్లోకి వచ్చాం. మగవాళ్ళు వెలుతురు ముఖాన పడి కళ్ళు చికిలిస్తూ వచ్చారు. కొందరు నవ్వారు. ఎదురింటి ముసలాయన ఆ అరగంటలో పెరట్లో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్నాడు, "ఇది విల్ఫ్ ఇచ్చింది" అన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అది మంచి పని. నువ్వు చేసిన మంచి పని.

మెగ్గీ నిన్న వెళ్ళిపోయింది. కంపెనీ ఇల్లు కదా, గనిలో దిగే మనిషి లేకపోతే ఉండనివ్వరు. సండర్లాండ్‌లో చెల్లెలి దగ్గరికి. మూటలు కట్టడానికి నేను వెళ్ళాను. వద్దనలేదు, రమ్మనలేదు. ఇద్దరం దుప్పటి చెరో అంచూ పట్టుకుని మడిచాం. అప్పుడు అడిగింది. కోపంగా కాదు, ఏం కూర వండావని అడిగినట్టే అడిగింది.

"ర్యాల్ఫ్ ఆ అరగంట ఏం చేసుకుంటున్నాడు బెల్లా?"

చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. నీకూ చెబుతున్నాను. మీ బావ ఆ అరగంట తీసుకోవడం లేదు. మూడున్నరకు అందరితోపాటు పైకి వస్తాడు. లాంతరు అప్పజెప్పి, గని గేటు లోపల బల్ల మీద కూర్చుంటాడు. దగ్గుతూ, వానొచ్చినా అక్కడే. నాలుగైన తరువాత లేచి ఇంటికి వస్తాడు. ఎవరు పిలిచినా రాడు. కాపలావాడు మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు అడగడం మానేశాడు.

మెగ్గీ మూట ఎత్తుకుని కాసేపు నిలబడింది. "ఇంటికి రమ్మను. జాస్ వద్దనడు" అంది. బండి ఎక్కింది.

చెప్పాను. మీ బావ విన్నాడు. ఈ రోజు కూడా నాలుగింటికే వచ్చాడు.

నేను టీ నాలుగింటికే పెడుతున్నాను.

బెల్లా